పొరల బల్ల

ఋతువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని తిరుగుతూనే ఉండగా, ఏలేవారు మారి, వీధిదీపాలు మారి, బండ్ల చప్పుళ్లు మారి, నిన్నటి పసివాళ్లు నేడు తమ పసివాళ్లను వెంటబెట్టుకుని అదే అంగడి మెట్లెక్కుతూ ఉండగా, సృష్టికర్త స్త్రీ దేహంలో అమర్చిన నెలనెలా తిరిగే గడియారం ఎవరితోనూ చెప్పకుండా వేగం తప్పి, ఆగి, మళ్లీ కదిలి, ఇక నిలిచిపోవడానికి సిద్ధపడుతున్న సంధికాలంలో, ఒక మూలవీధి బేకరీ వెనుకగదిలో పాలరాతి బల్ల ముందు నిలబడి, యౌవనమంతా ఏ పని చేసిందో ఆ పనే చేస్తూ, తన రెండు చేతులూ తనవి కావేమోనని మొదటిసారి అనుమానపడిన ఒక ఇల్లాలి కథ ఇది.

ఆమెను అందరూ వెన్నక్క అంటారు. కన్నవారు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనుదిరిగి చూడదు.

పఫ్ అన్నది తినేవారికి నాలుగు కొరుకుల పని. చేసేవారికి ఒక పూట తపస్సు. మైదాముద్దను వెడల్పుగా సాచి, దాని నడుమ వెన్నపలకను ఉంచి, శాలువా కప్పినట్టు నాలుగు వైపులా మూసి, కర్రతో పొడవుగా ఒత్తి, మూడు మడతలుగా మడిచి, ఫ్రిజ్‌లో కాసేపు నిద్రపుచ్చి, మళ్లీ తీసి, అడ్డం తిప్పి, మళ్లీ ఒత్తి, మళ్లీ మడవాలి. పిండీ వెన్నా పక్కపక్కనే పడుకోవాలి గాని ఒకటైపోకూడదు. అలా ఒకటి కాకుండా నిలిచినప్పుడే పొయ్యి వేడికి వెన్నలోని తడి ఆవిరై ఒక్కొక్క పొరనూ సున్నితంగా పైకి లేపుతుంది. చేతికి వేడి ఉంటే వెన్న కరుగుతుంది, కరిగిన వెన్న పిండిలోకి ఇంకుతుంది, ఇంకితే పొరలు లేవు, అట్టముక్క మిగులుతుంది. అందుచేత ఆ బల్ల దగ్గర నిలబడేవారికి బలం కన్నా, నేర్పు కన్నా ముందుగా కావలసింది చల్లని అరచేయి.

భగవంతుడు కొందరికి కంఠంలో తేనె పోస్తాడు, కొందరికి కంటిలో వెలుగు నింపుతాడు. వెన్నక్కకు అరచేతుల్లో చలువ పెట్టాడు. మండువేసవిలో సైతం ఆమె చేతులు అప్పుడే ఊటలోంచి తీసినట్టుండేవి. పొయ్యి చూసే బాబాయి తలనొప్పి వచ్చిన రోజున మాత్రల జోలికి పోకుండా నుదురు చూపించి నిలబడేవాడు. "అమ్మా, ఒక్క నిమిషం. నా బుర్ర ఉడికిపోయింది, దింపు" అనేవాడు. ఆమె పిండి అంటిన చేతినే నుదుటిపై వేసేది. ఆయన ఆ తెల్లని ముద్రతోనే సాయంత్రం దాకా తిరిగేవాడు.

ఆ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. మడత పూర్తయిన ప్రతిసారీ పిండి మూలన వేలితో ఒక నొక్కు నొక్కుతారు. ఒక మడతకు ఒక నొక్కు, రెండు మడతలకు రెండు. ఫ్రిజ్‌లోంచి తీసినవారు ఎవరైనా సరే, నొక్కులు చూసి ఎన్ని మడతలయ్యాయో తెలుసుకుంటారు. వెన్నక్క మాత్రం ఏనాడూ నొక్కు పెట్టి ఎరుగదు. "నొక్కులు నేర్చుకునేవాళ్లకి. నా చేతికి లెక్క తెలుసు" అనేది. ఆ మాటలో గర్వం లేకపోలేదు. అయితే అది సంపాదించుకున్న గర్వం గనుక ఎవరూ నొచ్చుకోలేదు.

ఆ లెక్క ఆమెకు నేర్పినది బేకరీ పెట్టిన పెద్దమ్మగారు. ఆవిడే తొలిరోజుల్లో ఆ బల్ల దగ్గర నిలబడేది. ఒకనాడు "నాకిక కళ్లు ఆనడం లేదు" అని చెప్పి, కర్ర ఈమె చేతికిచ్చి, పైఅంతస్తుకు వెళ్లిపోయింది. అప్పటికి వెన్నక్క కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఇప్పుడు యజమానిగా వ్యాపారం చూసుకుంటున్న పెద్దమ్మగారి కొడుకు అప్పుడు ఆమె చంకన కూర్చుని పచ్చిపిండి తినేవాడు. ఇప్పటికీ ఆమెను పిన్నీ అనే పిలుస్తాడు.

మొదటిసారి అది వచ్చినప్పుడు ఎవరో పొయ్యి తలుపు తెరిచారనుకుంది.

"బాబాయ్, ఆ తలుపు మూయవా. ఎంత సెగ."

"ఏ తలుపమ్మా? ఇంకా ముట్టించనే లేదు."

ఆమె గుండెల నడుమ ఎక్కడో పుట్టిన వేడి మెడ మీదుగా చెవుల దాకా పాకి, నెత్తిమీద పొడిచి, వీపున చెమటగా జారి, వచ్చినంత త్వరగానూ వెళ్లిపోయింది. వెళ్లిన తరువాత చలి పుట్టింది. బల్ల మీద చూస్తే పిండి అంచున పసుపుపచ్చగా వెన్న కన్నీరు పెట్టినట్టు ఊరుతోంది.

ఆనాటి పఫ్‌లు లేవలేదు. బాబాయి ట్రే బయటికి లాగి, ఒకదాన్ని తీసి బల్లకేసి తట్టాడు.

"ఇల్లు కట్టుకునేవాళ్లెవరైనా ఉంటే చెప్పండర్రా. గోడకి పనికొస్తాయి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు మెట్టు తప్పిన అడుగులా పడింది.

మరునాడు బాగానే ఉన్నాయి. ఆ మరునాడు మళ్లీ చెడ్డాయి. అలా ఒక పూట కరుణించి ఒక పూట ముఖం తిప్పుకునే ఆ వేడికి ఒక వేళ లేదు, ఒక మర్యాద లేదు. చేతులు మంచునీళ్లలో ముంచి వస్తే తడికి పిండి అంటుకునేది. కోటు గుండీలు విప్పుదామంటే అది మెడ దాకా బిగించి తీరవలసిన మందపాటి నైలాన్ కోటు. బల్ల ఉన్నది పొయ్యి గోడకు ఆనుకుని. ఇంకొక సంగతి ఆమెను మరింత కుంగదీసింది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిని చేతిలోకి తీసుకుని, ఇది రెండో మడతా, మూడో మడతా అని నిలబడిపోయేది. చేతిని అడిగేది. చేయి బదులు చెప్పేది కాదు.

"ఒక నొక్కు పెట్టుకోరాదూ వదినా" అంది తూకం వదిన ఒకరోజు. ఆవిడది త్రాసు దగ్గర పని. మైదా, చక్కెర తూచి ఇస్తుంది, ఖాళీ దొరికితే కౌంటర్లో నిలబడుతుంది. వయసులో వెన్నక్క కన్నా కొంచెం పెద్దది, నాలుకలో చాలా పెద్దది.

"నొక్కులా? నేనా?"

"అవును మరి, నొక్కితే వేలు అరిగిపోతుంది."

వెన్నక్క కర్ర అందుకుంది. ఆ పూట ఒక మడత ఎక్కువైంది. పొరలు మరీ సన్నబడి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

దోషం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. బేకరీలో అందరూ వెన్నను అనుమానించారు. వారికి వేరే ఊహ రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. వెన్నక్క చేయి తప్పుతుందని అనుకోవడం కన్నా, ఆవులన్నీ కూడబలుక్కుని నీళ్లపాలు ఇస్తున్నాయని అనుకోవడం వారికి సులభం. యజమాని, పెద్దమ్మగారి కాలం నుంచీ వెన్న తెచ్చి పోస్తున్న వెన్నబండాయనను పిలిచి మందలించాడు.

"నా వెన్నలో కల్తీయా బాబూ? మీ అమ్మగారిని అడుగు. వెన్నక్కా, నువ్వు చెప్పమ్మా. రోజూ చేత్తో పట్టుకునేదానివి నువ్వే. తేడా ఉందా?"

అందరి కళ్లూ ఆమె మీద నిలిచాయి. ఆమె వెన్నపలక వైపు చూసింది. అది ఎప్పటిలాగే తెల్లగా, గట్టిగా, ఏ పాపమూ ఎరుగనట్టు ఉంది.

"ఏమో అన్నా, నాకు తెలియడం లేదు" అంది.

ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. కొత్తచోటి నుంచి వెన్న వచ్చింది. దానితోనూ పొరలు అంతే.

ఇంటి దగ్గర మరొక కథ. ఆమె భర్త దర్జీ. వీధి చివర చిన్న గది, ఒక మిషను, మెడలో టేపు. మాటకారి, మంచివాడు.

"నువ్వు కిటికీ తెరుస్తావు, నేను మూస్తాను. నువ్వు దుప్పటి తన్నేస్తావు, నేను ఏరుకుంటాను. ఒకే మంచం మీద నీది ఎండాకాలం, నాది చలికాలం. ఏంటి సంగతి?" అన్నాడొక ఉదయం, పళ్లు తోముకుంటూ.

"ఏం లేదు. నిద్ర పట్టలేదు."

"ఏం లేనిదానికే ఇంత గాలి కావాలా?"

ఆమె నవ్వి ఊరుకుంది. చెప్పడానికి మాట కావాలి. ఆమె తల్లి ఈ వయసులో ఏం పడిందో ఆమెకు తెలియదు. తల్లి పొద్దస్తమానం పెరట్లో కూర్చుని కొంగుతో విసురుకునేదని మాత్రం గుర్తుంది. "ఏంటమ్మా" అని అడిగితే "ఉక్కగా ఉందే" అనేది, అందరూ శాలువాలు కప్పుకుని తిరిగే రోజుల్లో. పోయిన ఆ తల్లి ఒక్కసారి ఎదుట కూర్చుంటే, అడగవలసినది ఒక్క ప్రశ్నే. ఆ ప్రశ్న ఎవరి ముందు ఉంచాలో తెలియక ఆమె దాన్ని నోటిలోనే ఉంచుకుని పనికి వెళ్లేది.

యజమాని దయగలవాడు. ఆ దయే ముందుగా ఆమెను దెబ్బతీసింది.

"పిన్నీ, చాలాకాలం నిలబడి చేశావు. కాళ్లకి విశ్రాంతి ఉండాలి. కౌంటర్లో కూర్చో, ఫ్యాన్ కింద. పఫ్‌ల సంగతి నేను చూసుకుంటాను."

"ఎలా చూసుకుంటావు నాన్నా?"

"ఫ్యాక్టరీలో చేసినవి గడ్డకట్టించి పంపిస్తారు. మనం పొయ్యిలో పెట్టుకోవడమే. వచ్చే నెలలో ఆ బల్ల తీసేసి అక్కడ ఫ్రీజర్ పెట్టిద్దామనుకుంటున్నాను."

ఆమె తల ఊపింది.

కౌంటరుకూ వెనుకగదికీ నడుమ ఒక అద్దం తలుపు. అందులోంచి బల్ల అంచు ఒకటి కనిపిస్తుంది. తాత్కాలికంగా బాబాయే అక్కడ పిండి ఒత్తుతున్నాడు, శత్రువుతో కుస్తీ పడుతున్నట్టు. కర్ర పాలరాతి మీద దొర్లే చప్పుడు వినిపించినప్పుడల్లా వెన్నక్క మాట సగంలో ఆపేసేది. దూరదేశం వెళ్లినవారి అడుగుల చప్పుడు గుమ్మంలో వినబడినట్టు చెవులు నిక్కబొడుచుకునేవి. తన పని తనకు పది అడుగుల దూరంలో ఉంది. అంత దగ్గరగా ఉన్నదాని కోసం అంతగా బెంగపడవచ్చునని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చేతులు ఒడిలో నిలిచేవి కావు. పొట్లాలు కట్టే కాగితాన్ని తీసుకుని, సాపు చేసి, మూడుగా మడిచి, అడ్డం తిప్పి, మళ్లీ మూడుగా మడిచేది. సాయంత్రానికి సొరుగునిండా అలాంటి మడతలే.

ఒక మధ్యాహ్నం రోజూ వచ్చే ముసలాయన రొట్టె కొనుక్కుని, చిల్లర అందుకుని, అలవాటుగా దీవించాడు.

"చల్లగా ఉండు తల్లీ."

వెన్నక్కకు సరిగ్గా అప్పుడే మెడ మీదికి మంట పాకుతోంది. ముందు చిన్నగా నవ్వు వచ్చింది. తరువాత ఆపుకోలేనంతగా వచ్చింది. ముసలాయన తనేదో తప్పు మాట అన్నానేమోనని కంగారుగా మెట్లు దిగిపోయాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్లు నిండి, చెంపల మీదుగా ధారలు కట్టాయి.

తూకం వదిన త్రాసు వదిలి వచ్చింది.

"ఎప్పటినుంచి?"

"ఏది?"

"నటించకు వదినా. మెడంతా కందిపోయింది, అద్దంలో చూసుకో. నెలసరి సరిగ్గా వస్తోందా?"

"వస్తోంది, పోతోంది. కబురు పెట్టకుండా వచ్చే చుట్టంలాగా."

"అయితే అదే. ముట్లుడిగే వయసు. డాక్టరమ్మ మెనోపాజ్ అంటుంది. నాకూ అయింది. మతిమరుపు, చిరాకు, రాత్రంతా జాగారం, అన్నీ."

"నీకా? ఒక్క మాట చెప్పలేదే."

"నువ్వడిగావా? అయినా త్రాసు దగ్గర ఎవరికి తెలుస్తుంది? నా ఒళ్లు కాలిందని కిలో మైదా కిలోంబావు అవదు కదా. నీ పనిలోనే అది చేతికి దొరికిపోయింది." ఆవిడ గొంతు తగ్గించింది. "డాక్టరమ్మ దగ్గరికి రా నాతో. జబ్బు కాదంటుంది. అలాగని ఓర్చుకుని కూర్చోనక్కర్లేదని కూడా అంటుంది. ముందు మీ వాడికి చెప్పు, బల్ల పీకించకముందే."

"వాడికా? వాణ్ణి ఎత్తుకుని తిప్పాను. వాడితో ఈ మాట ఏ నోటితో అనను?"

"ఉన్నది ఒక్క నోరే కదా. దానితోనే."

ఆ మాటలు నడుస్తుండగానే పైఅంతస్తు మెట్ల మీద చప్పుడైంది. పెద్దమ్మగారు మెల్లగా, కమ్మీ పట్టుకుని దిగివచ్చింది. ఆవిడ బేకరీలోకి దిగడం అరుదు. దిగినా కౌంటరు దగ్గరే నిలబడి వెళ్లిపోతుంది. ఆనాడు నేరుగా వెనుకగదిలోకి నడిచి, బాబాయిని టీ తాగి రమ్మని పంపి, వెన్నక్కను పిలిచి, తలుపు చేరవేసింది.

"వెన్నబండాయన పైకి వచ్చి ఏడ్చి వెళ్లాడు. ఇన్నేళ్ల నమ్మకం పోయిందన్నాడు. తప్పు వెన్నది కాదు కదూ?"

"కాదమ్మగారూ."

"చేతిది."

వెన్నక్క తలవంచుకుంది. పెద్దమ్మగారు చాలాసేపు బల్లకేసి చూసింది. తీర్థం దాకా వచ్చి మునగకుండా ఒడ్డున నిలిచినవారు నీళ్లకేసి చూసినట్టు.

"నా కళ్లకి ఏమీ కాలేదే పిల్లా. ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను. అప్పుడు నాకు వచ్చిందీ ఇదే. నా చేతుల కింద వెన్న కరిగిపోతుంటే, నా పుణ్యం తీరిపోయిందనుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేసింది. నెపం కళ్ల మీద పెట్టి, కర్ర నీకిచ్చి వెళ్లిపోయాను."

"ఎంత కష్టపడ్డారో."

"అది కాదు కష్టం. కొన్నేళ్లకి ఆ వేడి తగ్గింది. నా చేతులు మళ్లీ చల్లబడ్డాయి. ఒకరోజు పొద్దున్నే లేచి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంటే తెలిసింది. పరుగెత్తుకుంటూ సగం మెట్లు దిగాను. నువ్వు కర్ర దొర్లిస్తున్నావు. ఎంత ముచ్చటగా చేస్తున్నావో. బల్ల నీదైపోయింది. ఏమని అడగను? మెట్ల మీద కూర్చుని, విని, పైకి వెళ్లిపోయాను. అప్పటినుంచీ రోజూ అంతే. నువ్వు ఒత్తుతుంటే పైన నా అరచేతులు కదులుతుంటాయి."

తను గర్వంగా నిలబడిన చోటికి కొన్ని మెట్ల పైన, ఇన్నేళ్లుగా, ఒక దాహం కూర్చుని ఉందని వెన్నక్కకు తెలియదు.

"నువ్వు కూడా ఆ మెట్లు ఎక్కకు" అంది పెద్దమ్మగారు. "ఎక్కితే దిగడం రాదు."

మరునాటి ఉదయం వెన్నక్క ముందుగా వెన్నబండాయన ఇంటికి వెళ్లింది. యజమానికి చెప్పడం తన మేలు కోసం. ఈయనకు చెప్పడం మాత్రం తాను పడిన బాకీ, అది ముందు తీరాలి. ఆయన పాలక్యాన్లు కడుగుతున్నాడు. చూసీ చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

"అన్నా, నీ వెన్నలో ఏ లోపం లేదు. ఆరోజు నాకు తెలుసు, చెప్పలేకపోయాను. నా ఒంట్లో వేడి. నెలసరి ఆగిపోయే వయసు కదా, ఉన్నట్టుండి ఒళ్లు భగ్గుమంటోంది. నీ వెన్న కరిగింది నా చేతుల్లో."

ఆయన కడుగుతున్న క్యాను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెన్నక్క తిట్టుకు సిద్ధపడింది.

"ఉన్నట్టుండి భగ్గుమంటుందా?"

"అవును."

"మళ్లీ చలేస్తుందా? ఊరికే కోపం, ఊరికే ఏడుపు?"

"అవునన్నా."

"ఆరి దేవుడా" అన్నాడాయన, క్యాను కింద పెట్టి. "మా ఆవిడ ఆర్నెల్ల నుంచి దిండు తీసుకుని వసారాలోకి పోతోంది. నా మీద అలిగిందనుకుని నేనూ మాట్లాడటం మానేశాను." ఇంటి లోపలికి తిరిగి, గొంతు చాలా మెత్తగా చేసుకుని, "ఏమేవ్, కాసేపు ఇలా వచ్చి కూర్చో" అని పిలిచాడు. వెన్నక్క అక్కడ నిలబడడం బాగుండదని వచ్చేసింది.

బేకరీలో ఆ మధ్యాహ్నం యజమానిని కూర్చోబెట్టారు. పెద్దమ్మగారు ఒక పక్క, తూకం వదిన ఒక పక్క. పొయ్యి చల్లార్చి బాబాయి కూడా వచ్చి నిలబడ్డాడు. వెళ్లమని ఎవరూ అనలేదు. వెన్నక్క చెప్పింది. యజమాని ఫ్యాను వైపు చూశాడు, త్రాసు వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు.

"పిన్నీ, ఇలాంటివి అమ్మతో మాట్లాడుకుంటే..."

"అమ్మతో ఎందుకురా?" అంది తల్లి. "బల్ల తీసేసేది అమ్మ కాదు కదా. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. ఒక మనిషి ఆ మౌనంలో పోయింది చాలు. దాన్ని అడుగు."

అతను తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి గాని, కళ్లు తిప్పుకోలేదు.

"ఏం కావాలి పిన్నీ?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు. జవాబు ఆమె దగ్గర ఉంది. దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చింది. తీరా నోరు తెరిస్తే అతి ముఖ్యమైన మాట జారిపోయింది. వెనుకగది ఉత్తరపు గోడకు ఉన్నది, చెక్కలు కొట్టి మూసేసినది, గాలి వచ్చేది, దాని పేరేమిటి? పసిపిల్లకు సైతం తెలిసిన మాట. ఆమె గాలిలో చేతితో నలుచదరం గీసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ముఖం మీదికి సిగ్గూ వేడీ కలిసి ఎగబాకాయి.

బాబాయి అందించబోయాడు. తూకం వదిన ఆయన కాలు తొక్కింది. యజమాని పక్కచూపులు చూడలేదు, గడియారం చూడలేదు, మాట అందించి తొందరపెట్టలేదు. చిన్నప్పుడు తనకు బూట్ల తాడు కట్టుకోవడం వచ్చేవరకూ ఆమె ఎలా కూర్చునేదో, అలా కూర్చున్నాడు. గదిలో అందరూ ఒక స్త్రీ నోటికి ఒక మాట తిరిగి వచ్చేదాకా వేచి ఉన్నారు. మంత్రం ఫలించేదాకా వేచి ఉన్నట్టుంది ఆ నిశ్శబ్దం.

"కిటికీ" అంది వెన్నక్క.

అందరూ ఊపిరి వదిలారు.

ఆ ఒక్క మాట వచ్చాక తక్కినవి వరుసగా వచ్చాయి. బల్లను పొయ్యి గోడ నుంచి జరిపి ఆ కిటికీ కిందికి చేర్చాలి. చెక్కలు తీసి దోమతెర కొట్టాలి. గదంతా ఏసీ పెడితే పులిసే రొట్టెపిండి లేవదు గనుక అది వద్దు. పొయ్యి ముట్టించకముందే పొరల పని మొదలుపెట్టాలి. ఒళ్లు భగ్గుమన్నప్పుడు ఎవరినీ అడగకుండా బయటి మెట్ల దాకా వెళ్లి నిలబడాలి. ఆ నైలాన్ కోటు పోవాలి.

"కోట్ల సంగతి మా ఆయనకి చెబుతాను. ఆ దుప్పట్లలాంటి కోట్లు కుట్టింది ఆయనే, ఆ పాపం ఆయనే కడుక్కుంటాడు" అంది. అందరూ నవ్వారు. ఈసారి ఆమె నవ్వు సరిగ్గానే పడింది.

"ఇన్ని చేసినా, మధ్యలో వేడి వస్తే పిండి ఏమవుతుంది పిన్నీ? ఆగదు కదా అది."

యజమాని అడిగినది న్యాయమైన ప్రశ్న. వెన్నక్క దానికి జవాబుగా పెద్దమ్మగారి వైపు తిరిగింది.

"రెండు జతల చేతులు కావాలి. అమ్మగారూ, మీరు దిగి వస్తారా?"

ఆ ముసలి ముఖంలో ఏం కదిలిందో చెప్పడానికి నాకు తెలిసిన అలంకారాలేవీ చాలవు. ఆవిడ ఒక్క మాటే అంది: "జుట్టుకి టోపీ ఉందా?"

భర్త కోట్లు కుట్టాడు; పల్చని నూలుబట్ట, మెడ వదులు, చేతులు మోచేతి దాకా. విషయమంతా విన్నాక ఆయన కాసేపు మిషను తొక్కి, "ముందే చెబితే కిటికీ వైపు నేను పడుకునేవాణ్ణి కాదుగా" అని మాత్రం అన్నాడు. ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి ఆయనే తీసుకువెళ్లాడు. ఆవిడ పరీక్షించి, మందు రాసి, ఇది కొంతకాలం ఉంటుందని నిజం చెప్పింది.

తెల్లవారుజామున, పొయ్యి ఇంకా చల్లగా ఉండగా, తెరిచిన కిటికీ కింద ఇద్దరూ నిలబడ్డారు. పాత వెన్న తిరిగి వచ్చింది. పెద్దమ్మగారు పిండి మీద అరచేయి ఉంచి, కళ్లు మూసుకుని, అలాగే కాసేపు ఉండిపోయింది. వెన్నక్క తొందరపెట్టలేదు. మొదటి మడత అయింది. రెండో మడత సగంలో ఉండగా గుండెల్లో నిప్పు రాజుకుంది.

"వచ్చింది" అంది వెన్నక్క, చేతులు పైకెత్తి, అందరికీ వినబడేలా.

"ఇటివ్వు" అంది పెద్దమ్మగారు.

కర్ర చేయి మారింది. వెన్నక్క కిటికీ దగ్గరికి వెళ్లి ముఖం బయటికి పెట్టింది. వెనుక పాలరాతి మీద కర్ర దొర్లుతున్న చప్పుడు. అది తన చప్పుడు కాదు, తన కన్నా పాతది, కొంచెం నెమ్మది. ఆ నెమ్మదిలో ఎన్నాళ్ల ఆకలి తీరుతోందో ఆమెకు ఇప్పుడు తెలుసు. తిరిగి వచ్చి చూస్తే పిండి మూలన రెండు వేలి నొక్కులు. మూడో మడత ముగించి, మూడోది తానే నొక్కింది.

ఆనాటి పఫ్‌లు ఒక పక్క లేచి ఒక పక్క వంగాయి. బాబాయి ఒకటి కొరికి, పొరలు మీసాల మీద రాలుతుండగా, "వెన్న బాగుంది" అన్నాడు.

ఆమె చేతులకు పాత చలువ ఇంకా తిరిగి రాలేదు. కొన్ని ఉదయాల్లో ఎవరూ చూడనప్పుడు రెండు అరచేతులూ పాలరాతి మీద పరిచి, పోయినవారి జాడ కోసం గుమ్మంలో నిలబడినట్టు, ఎదురుచూస్తుంది. వస్తుందని పెద్దమ్మగారు చెప్పింది. ఎప్పుడన్నది పెద్దమ్మగారికీ తెలియదు. ఆ ఎదురుచూపులో బెంగ ఉంది. అయితే అది ఆమె ఒక్కదాని బెంగ కాదు, బల్లకు అటువైపు మరొకరు నిలబడి ఉన్నారు.

సర్వసాక్షియైన పరమాత్మ ఆ తల్లికి నిండు నిద్రను, తడబడని మాటను, అలసిన వేళ ఆనుకోవడానికి ఒక భుజాన్ని ప్రసాదించుగాక. ఆమె భర్త మిషను ఆగకుండా సాగుగాక. ఆ బల్ల దగ్గర నిలిచిన ఆడబిడ్డలందరి ఆయువూ పొరపొరగా పెరుగుగాక. ఆమె ఇంటి దీపం నిలకడగా వెలుగుచుండగా, ఆ గడపలోని వారందరూ ఒకరి మాట కోసం ఒకరు ఓపికగా వేచి ఉండే భాగ్యం తరతరాలకూ కలుగుగాక.